వార్డు డ్యూటీ చేసేవారికి పరిశోధనలు చదివే సమయం ఎక్కడి నుంచి తీయాలి?

కృష్ణాతీరం (విజయవాడ) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను సూర్యారావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా పనిచేస్తున్నాను. వైద్య పరిశోధనలలో తేలిన విషయాలను వార్డు సిబ్బంది చేత చదివించాలని ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను. ఆ ప్రయత్నం విఫలమైందని ఒప్పుకొని, సలహా అడగడానికి ఇది రాస్తున్నాను.

మొదలైన తీరు చెబుతాను. సెలైన్, మందులు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టిన సన్నని గొట్టం (క్యాన్యులా) బాగానే పనిచేస్తున్నా సరే, 72 గంటలు దాటగానే దానిని తీసివేసి మరోచోట పెట్టాలనే నియమం మా దగ్గర చాలా కాలంగా ఉంది. ఒక రోజు, నరాలు దొరకని ఒక పెద్దావిడకు మూడుసార్లు గుచ్చినా కుదరక నాలుగోసారికి పెట్టగలిగిన తరువాత, మా స్టాఫ్ నర్సు ఒకామె నా గదికి వచ్చి, "మేడమ్, పాత క్యాన్యులాకు ఏమీ కాలేదు. నొప్పి లేదు, వాపు లేదు. అయినా మార్చవలసిందేనా? ఇది ఎవరైనా పరీక్షించి చూశారా?" అని అడిగింది. "ప్రోటోకాల్ అలాగే ఉంది" అన్నాను. అది సమాధానం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తరువాత ప్రతి శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు జర్నల్ క్లబ్ ఏర్పాటు చేశాను. ఒక్కొక్కరికి ఒక పరిశోధన పత్రం జిరాక్స్ తీయించి ఇచ్చి, చదివి వచ్చి మిగిలిన వారికి చెప్పమన్నాను. మొదటి శనివారం ఇరవై ఇద్దరు వచ్చారు. నాలుగో శనివారం ఐదుగురు వచ్చారు, వారిలోనూ ఇద్దరు నా మొహమాటానికి వచ్చినవారే. రెండు నెలలకు అది ఆగిపోయింది. డ్యూటీ సమయంలో పెడతానని యాజమాన్యాన్ని అడిగితే, చదువుకోవడం ఎవరికి వారు ఇంటి దగ్గర చేసుకోవలసిన పని అన్నారు. హాజరు తప్పనిసరి చేద్దామనే ఆలోచన కూడా వచ్చింది కానీ, బలవంతంగా కూర్చోబెట్టిన వారి తలకు ఏమి ఎక్కుతుందన్న సందేహంతో ఆగాను.

మన విజయవాడ, గుంటూరు ఆసుపత్రులలో ఈ పనిని ఎవరైనా కొంతకాలం పాటు నిలబెట్టగలిగారా? సమయం ఎక్కడి నుంచి తీశారు? యాజమాన్యాన్ని ఎలా ఒప్పించారు?


రాత్రిడ్యూటీ (గుంటూరు) జవాబు:

మేడమ్ గారూ, నేను పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సును. మీ జర్నల్ క్లబ్‌కు నాలుగో వారం రాని పదిహేడు మందిలో నన్ను ఒకరిగా అనుకోండి. వారి తరఫున కొంత నిష్ఠూరంగా చెబితే మన్నించండి.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలన్నది ఎవరికి అనుకూలమైన సమయం? ఉదయం డ్యూటీ వారు రెండు గంటలకు హ్యాండోవర్ (వార్డు అప్పగింత) ఇచ్చి తెనాలి రైలో మంగళగిరి బస్సో అందుకోవడానికి పరుగు తీస్తూ ఉంటారు. మధ్యాహ్నం డ్యూటీ వారు అప్పుడే వార్డు తీసుకొని, రాయవలసిన చార్టులు, ఇవ్వవలసిన ఇంజెక్షన్ల మధ్య ఉంటారు. రాత్రి డ్యూటీకి రావలసిన వారు నిద్రలో ఉంటారు. ఆ వేళకు తీరికగా ఉండేది సూపరింటెండెంట్ గది ఒక్కటే. సమయం లేదని మేము అన్నప్పుడు, చదవడం ఇష్టం లేదని మీకు వినిపిస్తోంది. మేము చెబుతున్నది మాత్రం, డ్యూటీ చార్టులో ఆ సమయానికి గడి లేదని.

ఇక భాష సంగతి. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పుస్తకాలు ఇంగ్లీషులోనే చదివి పరీక్షలు రాశాను, కేస్ షీట్లు ఇంగ్లీషులోనే రాస్తాను, అందులో ఇబ్బంది లేదు. అయితే గణాంకాల పట్టికలున్న పన్నెండు పేజీల పత్రం చేతికిచ్చి, వచ్చే వారం ఇరవై మంది ఎదుట నిలబడి వివరించమంటే, అది నాకు చదువులా అనిపించదు, మళ్లీ వైవాకు పిలిచినట్లుంటుంది. నవ్వులపాలు కావడం ఇష్టం లేనివారు ఏదో ఒక కారణం చెప్పి తప్పుకుంటారు.

వీటన్నిటికంటే పెద్ద కారణం ఒకటి ఉంది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట, ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి రోగికి బ్లేడుతో షేవింగ్ చేసి పంపడం ఆనవాయితీ. శస్త్రచికిత్స గాయాలకు వచ్చే ఇన్‌ఫెక్షన్ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలలో, వెంట్రుకలు అసలు తీయకుండా ఉండడమే మేలని, తప్పనిసరి అయితే క్లిప్పర్‌తో మాత్రమే తీయాలని, ఏ దశలోనూ షేవింగ్ చేయవద్దని గట్టిగా చెప్పారు. ఒక శిక్షణ కార్యక్రమంలో ఇది విని, ఇంటికి వెళ్లి ఫోనులో ఆ భాగం వెతికి చదివి, మరునాడు సర్జన్ గారికి మర్యాదగానే చెప్పాను. ఆయన నవ్వి, "నువ్వెప్పటి నుంచి పేపర్లు చదువుతున్నావమ్మా?" అన్నారు. థియేటర్‌లో ఉన్నవారందరూ నవ్వారు. ఆ తరువాత రెండేళ్ల పాటు నేను ఏమీ చదవలేదు. చదివినందువల్ల వార్డులో ఒక్క పనీ మారదని తెలిశాక ఇంకెవరు చదువుతారు, మేడమ్?

కుదిరిన సందర్భం కూడా చెబుతాను. మరో ఆసుపత్రిలో, లేబర్ రూమ్ ఇన్‌ఛార్జి సిస్టర్ ఒకావిడ పెద్ద సభలేమీ పెట్టేవారు కాదు. హ్యాండోవర్ అయిన వెంటనే, వెళ్లేవారూ వచ్చినవారూ కలిసి నిలబడి ఉన్నప్పుడే, ఒక పేజీలో తెలుగులో రాసుకొచ్చిన విషయాన్ని పది నిమిషాలలో చదివి వినిపించేవారు. ఒకసారి కాన్పు తరువాత రక్తస్రావం గురించి 2023లో వచ్చిన ఇ-మోటివ్ ట్రయల్ చెప్పారు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలోని 80 ఆసుపత్రులలో జరిగిన పరిశోధన అది. రక్తం ఎంత పోయిందో కంటి అంచనాతో తేల్చకుండా, కాన్పు సమయంలో కింద పరిచే, కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు (డ్రేప్)లోకి పట్టి కొలిచి, గీత దాటగానే మసాజ్, మందులు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్ అన్నీ వరుస పెట్టి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టారు. లీటరు అంతకు మించి రక్తస్రావం, రక్తస్రావం కారణంగా పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, మరణం, ఈ మూడింటినీ కలిపి లెక్కిస్తే, మామూలు పద్ధతి పాటించినచోట 4.3 శాతం, కొత్త పద్ధతి పాటించినచోట 1.6 శాతం.

అది విన్న రోజునే మాలో ఒకరు, "మనం చీరలు, గుడ్డలు చూసి ఇంత అని రాసేస్తున్నాం కదా సిస్టర్" అన్నారు. ఆవిడ ఆ మాటను అలాగే డాక్టర్ మేడమ్ గారి దగ్గరకు తీసుకువెళ్లారు. పదిహేను రోజులలో కొలత డ్రేప్‌లు వచ్చాయి. తరువాతి వారం ఏమి చదవాలో మేమే చెప్పడం మొదలుపెట్టాము. ఆ ఇన్‌ఛార్జి సిస్టర్ బదిలీ అయ్యాక మాత్రం అది ఆగిపోయింది, అదీ నిజమే.


కొత్తపేట డాక్టరు (గుంటూరు) జవాబు:

నేను సామాజిక వైద్యం బోధిస్తాను. పై జవాబులోని షేవింగ్ సంగతి చదివి మా వృత్తి తరఫున సిగ్గుపడ్డాను. వైద్యులు మాత్రం అన్నీ చదివి మారిపోతున్నారని ఎవరూ భ్రమపడవద్దు. నెలలు నిండకముందే కాన్పు వచ్చే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులకు మేలు జరుగుతుందని న్యూజీలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ 1972లోనే ప్రచురించారు. తరువాత అనేక ట్రయల్స్ అదే చెప్పినా, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం దానిని గట్టిగా సిఫారసు చేసింది 1994లో. ఒకే విషయంపై జరిగిన పరిశోధనలను కలిపి సమీక్షించే కొక్రేన్ సంస్థ చిహ్నంలో కనిపించే అడ్డగీతలు ఆ ట్రయల్స్ ఫలితాలే.

కృష్ణాతీరం గారూ, మీ దగ్గర అన్నిటికంటే విలువైనది మీ నర్సు అడిగిన ప్రశ్న. దానిని పక్కనబెట్టి, దానితో సంబంధం లేని పత్రాలు పంచడం వల్లనే క్లబ్ ఆగిపోయిందని నా అభిప్రాయం. ప్రశ్న ముందు, పత్రం తరువాత. ప్రశ్నను నాలుగు ముక్కలుగా విడగొట్టమని మా విద్యార్థులకు చెబుతాము: ఎవరికి, ఏమి చేస్తే, దేనితో పోల్చితే, ఏ ఫలితం. మీ విషయంలో, నాలుగు రోజులకు మించి డ్రిప్ అవసరమైన పెద్దవారికి, అవసరమైనప్పుడే క్యాన్యులా మార్చితే, నిర్ణీత సమయానికి మార్చడంతో పోల్చినప్పుడు, నరం వాపు లేదా ఇన్‌ఫెక్షన్ పెరుగుతుందా అన్నది ప్రశ్న. ఇలా రాసుకుంటే వెతకడానికి పది నిమిషాలు చాలు. ఇలా రాసుకోకుండా వెతికితే సాయంత్రం వరకు వెతుకుతూనే ఉంటారు.

సమాధానం కూడా ఆసక్తికరంగానే ఉంది. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 3,283 మంది రోగులపై జరిగింది. మూడో రోజున తప్పనిసరిగా క్యాన్యులా మార్చినవారిలోనూ, అవసరమైనప్పుడే మార్చినవారిలోనూ నరం వాపు 7 శాతమే. ఇటువంటి తొమ్మిది ట్రయల్స్‌ను, మొత్తం 7,412 మందిని కలిపి చూసిన 2019 నాటి కొక్రేన్ సమీక్ష కూడా, నిర్ణీత సమయానికి మార్చడం వల్ల స్పష్టమైన ప్రయోజనం కనిపించలేదని తేల్చింది. ఇక్కడితో ఆగితే మీ నర్సు మాటే నిజమని, ఆ పెద్దావిడకు నాలుగు పోట్లు అనవసరమని అనిపిస్తుంది.

ఇక్కడితో ఆగవద్దు. జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2018లో "అవసరమైనప్పుడే" అనే విధానానికి మారాయి. నాలుగు లక్షలకు పైగా క్యాన్యులాల వివరాలు పరిశీలించి 2021లో వారు ప్రచురించిన దాని ప్రకారం, సంఖ్యలో అవి తక్కువే అయినా, క్యాన్యులా వల్ల రక్తంలోకి పాకే ఇన్‌ఫెక్షన్లు ఆ కాలంలో పెరిగాయి. వారు 2019లో పాత నియమానికి తిరిగి వెళ్లారు. ఇది యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విభజించి చేసిన ట్రయల్ కాదు, ముందు వెనుక కాలాలను పోల్చి చూసిన పరిశీలన. కాబట్టి దాని బలం ట్రయల్ అంత కాదు. అయితే ట్రయల్స్‌లో రోజూ వచ్చి క్యాన్యులా చూసే పరిశోధన నర్సులు ఉంటారు, మామూలు వార్డులో ఉండరు. అరుదుగా వచ్చే ప్రమాదం కొన్ని వేల మందిలో బయటపడకపోవచ్చు, లక్షల మందిలో బయటపడుతుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మీ సిబ్బంది ముందు ఉంచితే, వారు చివరకు అడిగే ప్రశ్న 72 గంటల గురించి కాదని నా నమ్మకం. "మన వార్డులో ప్రతి షిఫ్టులోనూ క్యాన్యులా పెట్టిన చోటు చూసి, నొప్పి, ఎరుపు, వాపు ఉన్నదీ లేనిదీ రాస్తున్నామా?" అని అడుగుతారు. అవసరమైనప్పుడే మార్చడమంటే పట్టించుకోకుండా వదిలేయడం కాదు, రోజుకు మూడుసార్లు చూడడం. అది అలవాటయ్యేవరకు మీ పాత నియమాన్ని కదిలించవద్దని నా సలహా. అలవాటైన తరువాత ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీ ముందు పెట్టండి, నర్సుల చేతనే మాట్లాడించండి.

హాజరు తప్పనిసరి చేయడం గురించి ఒక్క మాట. డ్యూటీ సమయంలో పెడితే తప్పనిసరి చేసినా తప్పు లేదు, ఎందుకంటే అది డ్యూటీయే. డ్యూటీ అయిపోయిన తరువాత పెడితే, మీరు ఎంత మంచి మాటలతో పిలిచినా అది జరిమానాలాగే ఉంటుంది.


పాత లైబ్రేరియన్ (గుంటూరు) జవాబు:

వైద్య గ్రంథాలయంలో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. జర్నల్ క్లబ్ అనే ఆచారానికి పాత ఉదాహరణగా చెప్పేది మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో 1875లో విలియం ఆస్లర్ పెట్టిన క్లబ్‌ను. దాని అసలు ఉద్దేశం చర్చ కాదు, ఒక్కరు కొనలేని ఖరీదైన పత్రికలను కలిసి కొనుక్కోవడం. నూటయాభై ఏళ్లు గడిచినా ఆ ఖరీదు సమస్య పూర్తిగా తీరలేదు. కాబట్టి ఎక్కడ ఏమి దొరుకుతుందో చెబుతాను.

వైద్య పరిశోధన పత్రాలను ఆన్‌లైన్‌లో వెతికే పబ్‌మెడ్‌ అందరికీ ఉచితం. సారాంశం దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది, పూర్తి పత్రం కొన్నిటికే. ఉచితంగా పూర్తి పాఠం దొరికేవాటిని మాత్రమే చూపమని పక్కన ఒక గడి ఉంటుంది, దానిని టిక్ చేసుకోవాలి. కొక్రేన్ లైబ్రరీని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఖర్చుతో దేశమంతటికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చే ఏర్పాటు 2007లో మొదలైంది. ప్రతి కొక్రేన్ సమీక్షకు మామూలు మాటలలో రాసిన ఒక సంక్షిప్త వివరణ ఉంటుంది. వార్డులో చదవడానికి ముందుగా అదే తీసుకోండి. పట్టికలు తరువాత చూసుకోవచ్చు. దానిని తెలుగులో ఒక పేజీగా రాసుకోవడం, ఆ లేబర్ రూమ్ సిస్టర్ చేసినట్లుగా, ఒక గంట పని.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన "ఒకే దేశం, ఒకే చందా" పథకం గురించి వినే ఉంటారు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు అందించే పథకం అది. ప్రైవేటు ఆసుపత్రికి అది నేరుగా వర్తించదు. ప్రభుత్వ వైద్య కళాశాలలో పనిచేసే మిత్రులు మాత్రం తమ లైబ్రరీలో లాగిన్ అడిగి తీసుకోండి. నా అనుభవంలో, ఉన్న సదుపాయాన్ని అడగకపోవడం వల్ల పోయినంత, లేకపోవడం వల్ల పోలేదు.

గూగుల్‌లో మొదట వచ్చిన దానిని పత్రంగా భావించవద్దని మీ సిబ్బందికి తప్పక చెప్పండి. డబ్బు తీసుకొని సరైన పరిశీలన లేకుండా ఏదైనా అచ్చు వేసే పత్రికలు ఉన్నాయి, వాటి పేర్లు చాలా గంభీరంగా ఉంటాయి.


లెక్కలవాడు (విజయవాడ) జవాబు:

నేను ఆసుపత్రి నిర్వహణ వైపు పనిచేస్తాను, అంటే "ఇంటి దగ్గర చదువుకోమనండి" అనే వర్గం. మా వర్గానికి అర్థమయ్యే భాషలో అడగండి. వారానికి ఇరవై నిమిషాలు, ఆరుగురు సిబ్బంది, అంటే రెండు గంటల డ్యూటీ. ఒక క్యాన్యులా మార్చడానికి సామాను తెచ్చుకొని, నరం వెతికి, కుదరకపోతే మరొకరిని పిలిచి, ప్లాస్టర్ వేసి, షీటులో రాసేవరకు ఎంత సమయం పడుతుందో, ఎన్ని క్యాన్యులాలు వృథా అవుతున్నాయో ఒక వారం పాటు నోటుబుక్కులో రాయించండి. ఆ కాగితం పట్టుకొని వెళ్తే సంభాషణ వేరుగా ఉంటుంది. డబ్బు ఆదా అవుతుందని మాత్రం ముందే హామీ ఇవ్వవద్దు. కొత్తపేట డాక్టరు గారు చెప్పిన జెనీవా పరిశోధనను మా వాళ్లెవరైనా చదివి ఉంటే మీరు ఇబ్బందిపడతారు. వారు చదివి ఉంటారని నేననుకోను, అయినా జాగ్రత్త మంచిది.


కృష్ణాతీరం (విజయవాడ):

అందరికీ కృతజ్ఞతలు. రాత్రిడ్యూటీ గారి రెండో పేరా చదివి డ్యూటీ చార్టు తీసి చూశాను. శనివారం మూడు గంటలు అని రాసింది నేనే, ఎందుకో ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఈసారి హ్యాండోవర్‌కు ఆనుకొని, బుధవారాలలో మాత్రమే, పదిహేను నిమిషాలు పెడతాను. మొదటి నాలుగు వారాలకు ఒకటే విషయం, క్యాన్యులా. మొదటి వారం ఏమీ చదవము, ఎన్ని క్యాన్యులాలను ప్రతి షిఫ్టులో చూసి రాశామో షీట్లు తిరగేసి లెక్కపెడతాము. ఆ రోజు నన్ను అడిగిన అమ్మాయి ఒప్పుకుంటే, రెండో వారం కొక్రేన్ వివరణను తెలుగులో ఆమె చదువుతుంది, మూడో వారం జెనీవా విషయం నేను చదువుతాను. నాలుగో వారం ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీ డాక్టరు గారిని కూర్చోబెడతాను. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య కావాలి కదా, ఈ పదిహేను నిమిషాలు అందులో లెక్కకు వస్తాయా అన్నది ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


కొత్తపేట డాక్టరు (గుంటూరు):

ఆసుపత్రిలో మీరు సొంతంగా పెట్టుకున్నది దానంతట అదే లెక్కకు వస్తుందనుకోవద్దు. కార్యక్రమ వివరాలతో ముందుగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు రాసి అడగండి. గంటలు వచ్చినా రాకపోయినా హాజరు పుస్తకం, చదివిన పత్రం ప్రతి, ఆ రోజు తీసుకున్న నిర్ణయం మాత్రం ఒక ఫైలులో ఉంచండి. ఇన్‌ఛార్జి మారినప్పుడు ఆ ఫైలు ఉంటే వచ్చినవారు దానిని కొనసాగించగలుగుతారు.


రాత్రిడ్యూటీ (గుంటూరు):

మేడమ్ గారూ, హ్యాండోవర్లు రోజుకు మూడు ఉంటాయి. మధ్యాహ్నం రెండు గంటలది ఒక్కటే పెట్టుకుంటే రాత్రి వారు మళ్లీ మిగిలిపోతారు. అలాగని ఉదయం ఎనిమిదికి పెట్టకండి, పన్నెండు గంటలు నిలబడిన వారికి అప్పుడు ఏమీ వినిపించదు. రాత్రి ఎనిమిదికి, డ్యూటీ ఎక్కేటప్పుడు పెట్టండి. ఆ వేళకు వచ్చి చదివి వినిపించడానికి మీరు ఒక్క బుధవారం ఇంటికి ఆలస్యంగా వెళ్లవలసి ఉంటుంది.